చేతి యెముక వ్యాధియు, దానిని వ్రాయు విధమును

మన తెలుగునందు "చేయి" యను మాటకు మేర లేదు. భుజము మొదలు గోటికొన వఱకు దేనినైనను చేయి యనియే యందుము. "చేయి నొచ్చుచున్నది" అని యొక యిల్లాలు చెప్పినచో, భుజము పట్టినదో, మోచేతికి దెబ్బ తగిలినదో, వ్రేలి కణుపున చీము చేరినదో చూచిన గాని తెలియదు. సంస్కృత నిఘంటుకారు లింతటితో తృప్తి పడలేదు. అమరము వల్లించిన సోదరీమణులకు మోచేతికి పై భాగము ప్రగండమనియు, క్రింది భాగము ప్రకోష్ఠమనియు, మణికట్టు మణిబంధమనియు, అచ్చటినుండి చిటికెనవ్రేలి వఱకు గల వెలుపలి యంచు కరభమనియు, అయిదు వ్రేళ్లకును వేఱువేఱు పేళ్లు గలవనియు జ్ఞప్తిలో నుండును. ఈ భేదములు కావ్యములు చదువుకొనువారికి మాత్రమే కావలసినవి కావు. ఒక వ్రేలికి వచ్చిన మొండి వ్యాధి సరిగా నయమగుటకును, దానికై పెట్టిన సొమ్ము తిరిగి చేతికి వచ్చుటకును, ఈ భేదములను వైద్యుడు కాగితముపై పెట్టుట యెంత యవసరమో తెలుపుటకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

హైదరాబాదు నగరమున, ముఖ్యముగా అమీర్‌పేట ప్రాంతమున, మెడికల్ కోడింగు అను విద్యను నేర్పు శిక్షణాలయములు పెక్కులు కలవు. జీవశాస్త్రమో, ఔషధశాస్త్రమో, నర్సుపనియో చదివిన యువతీయువకులు అచ్చట కొన్ని నెలలు నేర్చి, పరీక్ష నిచ్చి, ఉద్యోగములలో చేరుచున్నారు. వీరిలో ఆడపిల్లలు చాలమంది. వీరు చేయు పని యేమనగా, అమెరికా సంయుక్త రాష్ట్రములందలి ఆసుపత్రులలో వైద్యులు వ్రాసిన రోగవృత్తాంతములను చదివి, అందలి వ్యాధికిని చికిత్సకును నియమితమైన సంకేతములను వేయుట. ఆ సంకేతములను చూచియే అచ్చటి భీమా కంపెనీలు ఆసుపత్రికి సొమ్ము చెల్లించును. వానిని లెక్కించియే ఏ వ్యాధి యెంతమందికి వచ్చినదో అచ్చటి ప్రభుత్వమును తెలిసికొనును.

మా వారితో కలసి పాఠశాలలో పనిచేయు ఒక పంతులుగారి కొమార్తె ఈ యుద్యోగమున నున్నది. "పిన్నిగారూ, మా పని యంతయు చదువుటయే. వ్రాయునది ఆఱేడు అక్షరములు మాత్రమే" అని యామె నవ్వుచు చెప్పును. రోగుల సంగతి యొక్కటియు బయట పెట్టరాదని వారికి కఠినమైన కట్టడి కలదు. కావున ఆమె మాకు నియమములను చెప్పినదే గాని రోగుల కథలను చెప్పలేదు. ఈ క్రింద నుదాహరణముగా చెప్పబోవు అమెరికా స్త్రీని మేము కల్పించుకొంటిమి.

మొదట వ్యాధి యెట్టిదో తెలియవలయును. మనుష్యుని హస్తమున 27 ఎముకలు కలవు. మణికట్టు చెంత 8, అఱచేతిలో 5, వ్రేళ్లలో 14. తొడవలె దీనికి దట్టమైన కండ లేదు. వ్రేలికొన యందైతే చర్మమునకును ఎముకకును నడుమ నున్న దూర మతిస్వల్పము. అందుచే సూది గ్రుచ్చుకొనినను, చేపముల్లు దిగినను, గోరు తలుపుసందున నలిగినను, గోరుచుట్టు ముదిరినను, పైన బయలుదేరిన చీము ఎముకను చేరుటకు ఎక్కువ కాలము పట్టదు. కాట్లలో పిల్లికాటును తేలికగా నెంచువారు పెక్కురు కలరు. పిల్లికోఱ సూదివలె సన్ననిది. అది లోతుగా దిగును. పైగాయము చిన్నదగుటచే ఒకటి రెండు దినములలో మూసికొనును. లోపల క్రిమి నిలిచిపోవును. తగవులాటలలో పిడికిలి యెదుటివాని పండ్లకు తగిలి మెటికపై చీరుకొనుటయు నిట్టిదే. మనుష్యుని నోటిలోని క్రిములు తక్కువ చెడ్డవి కావు.

ఎముకకు చీము పట్టుటను వైద్యులు ఆస్టియోమైలైటిస్ అందురు. దీనికి తఱచుగా కారణమగు క్రిమి స్టఫిలోకాకస్ ఆరియస్ అనునది. మొదటి దినములలో వాపు, ఎఱుపు, పోటు, ఒక్కొక్కప్పుడు జ్వరము నుండును. అప్పుడే చక్కగా చికిత్స జరిగినచో చాలవఱకు లొంగును. ఆలస్యమైనచో జరుగునది వేఱు. లోపలి చీము వత్తిడికి ఎముకకు రక్తము నందించు నాళములు మూసికొనును. రక్తము లేని భాగము చచ్చును. చచ్చిన ముక్కలోనికి రక్తము పోదు గావున రక్తముతో పోవలసిన మందును పోదు. శరీరము దాని చుట్టును క్రొత్త యెముకను కట్ట ప్రయత్నించును. అనగా దొంగను లోపల నుంచి తలుపు వేసినట్లగును. కొన్ని వారములు నెమ్మదిగా నుండి, మరల వాచి, చర్మమును చీల్చుకొని చిన్న రంధ్రము చేసి చీము కారును. కారిన పిమ్మట పోటు తగ్గుటచే "తగ్గిపోయినది" యని యింటివారు సంతోషింతురు. మరల నెల తిరుగకయే మొదలు. ఈ కారు రంధ్రమును మన ప్రాచీన వైద్యులు నాడీవ్రణమనిరి. సుశ్రుతసంహితలో దీనికి ప్రత్యేకముగా స్థానము కలదు. ఏండ్ల తరబడి మానక కారు వ్రణమున, అరుదుగానే యైనను, క్యాన్సరు పుట్టుటయు కలదు.

ఎక్స్‌రే తీయించితిమి, ఏమియు లేదనిరి అని ధైర్యము చెప్పుకొనువారు ఒక సంగతి నెఱుగవలయును. ఎముకలో చీము పట్టిన మొదటి రెండు వారములలో ఎక్స్‌రేలో మార్పు కనబడకపోవచ్చును. ఎం.ఆర్.ఐ. పరీక్షలో ముందుగనే తెలియును. ఏ క్రిమియో నిశ్చయించుటకు ఎముకనుండియే చిన్న ముక్కను తీసి పరీక్షించుట మేలైన మార్గము. పైన కారుచున్న చీమును మాత్రమే దూదితో తీసి పంపినచో చర్మముపై నుండు క్రిములు దొరకి, లోని క్రిమి దాగియుండవచ్చును. చికిత్స యనగా చచ్చిన యెముకను శస్త్రముతో తొలగించుటయు, తఱచుగా నాలుగు మొద లాఱు వారముల వఱకు యాంటీబయాటిక్ మందులు వాడుటయు. ఒక్కొక్కచో వ్రేలికొన నే తీసివేయవలసి వచ్చును. పిండి పిసుకుచు, కూర తఱుగుచు, జడలు వేయుచు, ముగ్గు పెట్టుచు దినము గడపు మనకు చూపుడువ్రేలి కొన యన నేమో వేఱుగ చెప్ప నక్కఱలేదు.

ఇక సంకేతముల సంగతి. కుడి హస్తమున ఎముకకు మొండి చీము పట్టినదను వాక్యమును అమెరికా పద్ధతిలో "ఎం 86.641" అని వ్రాయుదురు. దీనిని విని మొదట మాకు బస్సు నెంబరువలె తోచినది. పిదప ఆ బాలిక పద్యమునకు ప్రతిపదార్థము చెప్పినట్లు విడదీసి చెప్పెను. "ఎం" అను నక్షరము ఎముకలు, కీళ్లు, కండరముల వ్యాధుల అధ్యాయము. 86 అనగా ఎముకకు చీము పట్టుట. తరువాతి 6 దీర్ఘకాలికమను విశేషణము. దాని పిదప 4 హస్తము. మణికట్టులోని చిన్న యెముకలు, అఱచేయి, వ్రేళ్లు అన్నియు నిందులోనివే. కడపటి 1 కుడి. ఎడమ యైనచో 2. ఏ ప్రక్కయో వైద్యుడు వ్రాయనిచో 9. నాడీవ్రణము కూడ నుండి చీము కారుచున్నచో 6 పోయి దాని స్థానమున 4 వచ్చి "ఎం 86.441" అగును. వ్యాధి హస్తమున గాక ముంజేతి యెముకలయందున్నచో హస్తమునకు చెప్పిన 4 పోయి 3 వచ్చును. మోచేతికి పైనున్నచో 2. అమరసింహుని ప్రగండ ప్రకోష్ఠములు ఇచ్చట అంకెలై కూర్చున్నవి!

ఈ పద్ధతి ఒక్క దినమున పుట్టలేదు. మరణకారణములకు అన్ని దేశములును ఒకే పట్టికను వాడవలెనని, జాక్ బెర్తియోన్ అను ఫ్రెంచి గణాంకవేత్త కూర్చిన పట్టిక 1893లో చికాగో నగరమున సమావేశమైన అంతర్జాతీయ సంస్థయెదుట ఉంచబడినది. అంతకు పూర్వమే, 1860లో, లండనున జరిగిన గణాంకసభకు ఆసుపత్రులన్నియు రోగములను ఒకే తీరున లెక్కవ్రాయు పథకమును సిద్ధపఱచినది ఒక స్త్రీ: ఫ్లారెన్స్ నైటింగేల్. దీపము పట్టుకొని రోగులచెంత తిరిగిన తల్లిగా ఆమెను అందఱు నెఱుగుదురు. లెక్కలు వ్రాసిన తల్లిగా ఎఱిగినవారు తక్కువ. 1948 నుండి ఈ పట్టిక ప్రపంచారోగ్యసంస్థ చేతిలోనికి వచ్చెను. దాని పదవ కూర్పునుండి పెంచి వ్రాసికొనిన పట్టికను అమెరికావారు 2015 అక్టోబరు 1వ తేది నుండి వాడుచున్నారు. అందు 70 వేలకు పైగా సంకేతములు కలవు. దానికి ముందటి వారి పట్టికలో హస్తమున దీర్ఘకాలిక అస్థివ్యాధికి "730.14" అను ఒక్క సంకేతమే యుండెను, అందు కుడి యెడమల భేదమే లేదు. ప్రపంచారోగ్యసంస్థవారి పదునొకండవ కూర్పు 2022 జనవరి 1వ తేది నుండి అమలులోనికి వచ్చినది. దేశములు ఒక్కొక్కటిగా దానికి మాఱవలసి యున్నది.

అంకెలెన్ని యున్నను అవి వైద్యుని వ్రాతనుండి రావలసినవే. ఇదియే యీ విద్యలోని కీలకము. ఇప్పుడు మేము కల్పించుకొనిన స్త్రీని చూతము. ఆమె అమెరికాలో ఒక భోజనశాలలో వంటపని చేయునది, ఏబదియేండ్లది, మధుమేహము కలది. కూరగాయలు తఱుగుచు కుడి చూపుడువ్రేలి కొనను కోసికొన్నది. అయిదు నెలలైనను మానలేదు. వైద్యుడు శస్త్రము చేసి చచ్చిన యెముకను తీసివేసెను. తరువాత కాగితముపై నిట్లు వ్రాసెను: "వ్రేలికి పాత ఇన్ఫెక్షను. ఎముక శుభ్రపఱచితిమి. యాంటీబయాటిక్ ఆఱు వారములు." ఆయన యెదుట రోగి యున్నది, వ్రేలున్నది, ఎక్స్‌రే యున్నది. ఆయనకు సర్వము తెలియును. కాని వేలకొలది మైళ్ల దూరమున హైదరాబాదులో కూర్చున్న బాలిక కేమి తెలియును? ఏ చేయి? ఏ వ్రేలు? చీము ఎముకలోనికి పోయినదా, పై కండలోనే యున్నదా? పాత యనగా మూడు వారములా, మూడేండ్లా? రంధ్రము కారుచున్నదా? ఏ క్రిమి?

"అంతయు తెలియుచున్నదే, ఎముకను తీసినాడన్న ఎముక వ్యాధియే గదా! ఊహించి వ్రాయరాదా?" అని మేమడిగితిమి. ఆమె చెవులు మూసికొన్నది. ఊహించుట వారి ధర్మమునకు విరుద్ధమట. వైద్యుడు రోగనామమును వ్రాయనిదే కోడరు దానిని సృష్టింపరాదు. ప్రయోగశాల కాగితమున క్రిమిపేరు స్పష్టముగా నున్నను, ఆ క్రిమియే యీ వ్యాధికి కారణమని వైద్యుడు చెప్పవలయును. ఆసుపత్రిలో చేరక వచ్చి చూపించుకొని పోవు రోగికి "ఎముకకు చీము పట్టియుండవచ్చును" అని అనుమానముగా వ్రాసినచో ఎముక వ్యాధి సంకేతమును వేయరాదు. వ్రేలి వాపు, నొప్పి మున్నగు లక్షణములకే వేయవలయును. ఈ నియమము మాకెంతయు నచ్చినది. అనుమానమునకు నిశ్చయమను ముద్ర పడినచో, ఆ స్త్రీ యెచ్చటికి పోయినను ఆ ముద్ర వెంట వచ్చును. మనయిండ్లలో ఒకరిని గుఱించి ఎవరో యనిన "అట కాబోలు" అను మాట పది నోళ్లు తిరిగి "అయినది" యగుట మన మెఱుగనిదా? కుడి యెడమల విషయమున మాత్రము ఇటీవలి నియమములలో సడలింపు కలదు: వైద్యుడు మఱచినను, నర్సు మున్నగు ఇతర చికిత్సకులు వ్రాసియున్నచో దానిని గ్రహింపవచ్చును.

సందేహము తీరనిచో కోడరు వైద్యునకు ప్రశ్న పంపును. దీనిని వారు క్వెరీ అందురు. ప్రశ్న పంపుటలో నొక మర్యాద కలదు. "ఇది దీర్ఘకాలిక అస్థివ్యాధియే గదా?" అని యడుగరాదు. అట్లడుగుట జవాబును నోటిలో పెట్టుట. ఎక్కువ సొమ్ము వచ్చు సంకేతము వైపునకు వైద్యుని నెట్టుటయు నగును. కాగితములో నున్న గుర్తులను చెప్పి, "శస్త్రమున ఎముక తొలగించినట్లున్నది, ఎం.ఆర్.ఐ.లో ఎముకయందు మార్పు కలదని యున్నది, ఏ వ్యాధికి చికిత్స జరిగినదో, అది తీవ్రమో దీర్ఘకాలికమో, ఏ ప్రక్కయో తెలుపగోరుచున్నాము" అని అడుగవలయును. వైద్యుడు తన యెఱుక కొలది జవాబు వ్రాయును. పిల్లలను పాఠమడుగునపుడు జవాబు నందించుచు అడుగరాదని మా వారు క్రొత్త పంతుళ్లతో చెప్పుచుండుట మేము వినియున్నాము. అదే నీతి ఇచ్చటను నడచుచున్నది.

జవాబు వచ్చిన పిమ్మట సంకేతము లొకదానివెంట నొకటి కుదురును. మధుమేహమునకును ఎముక వ్యాధికిని సంబంధ మున్నదని వైద్యుడు వ్రాసినచో, రెండవ తరగతి మధుమేహమువలన కలిగిన ఇతరోపద్రవమునకు "ఇ 11.69" ముందు వచ్చును, ఎముక వ్యాధి సంకేతము దాని పిమ్మట. క్రిమి స్టఫిలోకాకస్ ఆరియస్ అయి, మెథిసిలిన్ జాతి మందులకు లొంగునదైనచో "బి 95.61"; లొంగని మొండిదైనచో "బి 95.62". ఈ ఒక్క యంకె భేదములో రోగికి ఈయవలసిన మందే మాఱును. శస్త్రచికిత్సలకు వేఱొక పట్టిక కలదు. వ్యాధిగ్రస్తమైన యెముకను కొంత తీసివేయుటకు, అఱచేతి యెముకయైనచో 26230. వ్రేలి మొదటి, నడిమి కణుపులైనచో 26235. కొన కణుపైనచో 26236. దానిప్రక్క ఏ వ్రేలో తెలుపు గుర్తు కూడ నుండును. ఎడమ బొటనవ్రేలు "ఎఫ్ఎ" తో మొదలై, కుడి బొటనవ్రేలు "ఎఫ్ 5", కుడి చూపుడువ్రేలు "ఎఫ్ 6", చిటికెనవ్రేలు "ఎఫ్ 9". వింత యేమనగా, వ్యాధి సంకేతము హస్తమనియే చెప్పును గాని వ్రేలిని చెప్పలేదు. శస్త్ర సంకేతము వ్రేలినే పట్టి చెప్పును. రెండును ఒకే కథను చెప్పవలయును. వ్యాధి ఎడమ చేతిదని యొకటియు, కోత కుడి చేతిదని యొకటియు చెప్పినచో భీమావారు కాగితములను త్రిప్పి పంపుదురు.

క్షయవలన వచ్చు ఎముక వ్యాధి వీనిలో చేరదు. పిల్లల వ్రేళ్లు మెల్లమెల్లగా, ఎక్కువ నొప్పిలేకయే, కదురువలె ఉబ్బుట కలదు. అది క్షయక్రిమి పని కావచ్చును. దానికి అమెరికా పట్టికలో "ఎ 18.03" అను వేఱు సంకేతము, మందులును వేఱు, నెలల తరబడి వాడవలసినవి. మన దేశమున క్షయ యింకను విస్తారముగా నున్నది గావున, మానని వ్రేలివాపును చూచినపుడు ఇచ్చటి వైద్యులు దానిని కూడ మనసున నుంచుకొందురు. పేరు తప్పినచో మందు తప్పును.

"ఇదియంతయు అమెరికావారి గొడవ, మనకేల?" అని చదువరులలో కొంద ఱనుకొనవచ్చును. మన భీమా కంపెనీల క్లెయిము పత్రమున ఆసుపత్రివారు నింపవలసిన భాగమును ఒకసారి చూడుడు. ప్రధాన వ్యాధి, ఇతర వ్యాధులు అను గళ్ల ప్రక్కనే ప్రపంచారోగ్యసంస్థవారి పదవ కూర్పు సంకేతములు వ్రాయుటకు గళ్లు కలవు. కుడి యెడమలను చెప్పు కడపటి యంకె అమెరికావారు చేర్చికొన్నది. మనకు మాటలలో వ్రాసినదే యాధారము. కావున మనకు డిశ్చార్జి కాగితముపై వ్రాత మఱింత ముఖ్యము.

మా వీథిలో కుట్టుపని చేసికొని బ్రతుకు ఒక అమ్మకు మిషను సూది ఎడమ చూపుడువ్రేలిలో దిగి విఱిగినది. ముక్కను తీసి కట్టు కట్టిరి. మూడు నెలల పిదప వ్రేలు వాచి కారజొచ్చెను. ఒక ఆసుపత్రిలో శస్త్రము చేసిరి. ఆ డిశ్చార్జి కాగితమున పైభాగమున "ఎడమ" యనియు, శస్త్రము వివరించుచోట "కుడి" యనియు పడినది. "దీర్ఘకాలిక" మను మాట యున్నది గాని ఎప్పటినుండియో లేదు. భీమావారు రెండు ప్రశ్నలు వేసిరి. ఏ చేతికి చికిత్స జరిగినది? ఈ వ్యాధి భీమా తీసికొనుటకు ముందే యున్నదా? రెండవ ప్రశ్న చిన్నది కాదు. ముందే యున్న వ్యాధికి కొంతకాలము సొమ్ము చెల్లింపకుండుటకు భీమావారికి హక్కు కలదు. 2024లో వచ్చిన నియమముల ప్రకారము ఆ కాలము 36 నెలలకు మించరాదు. ఆమె భీమా తీసికొని ఏడాదియే అయినది. పాపము, వ్రేలి కట్టుతోనే ఆసుపత్రికిని భీమా కచేరీకిని నెలన్నర తిరిగినది. కుట్టుమిషను మూలబడినది. వచ్చిన వారి రవికెలు తిరిగి పోయినవి. కడకు ఆమెను కాపాడినది సూది దిగిన నాడు ప్రక్కవీథి వైద్యుడు వ్రాసి యిచ్చిన చిన్న చీటి. అందు తేదియు, "ఎడమ చూపుడువ్రేలు, కొన కణుపు, మిషను సూది" అను మాటలును ఉన్నవి. ఆ చీటిని ఆమె పసుపుకుంకుమల పెట్టెలో దాచియుంచుకొన్నది. ఆసుపత్రివారు తప్పు దిద్ది వేఱు కాగితమిచ్చిరి, సొమ్ము వచ్చినది.

అందుచే మా సోదరీమణులకు మేము చెప్పగోరునది కొంత కలదు. చేతికేదైనను గ్రుచ్చుకొనినను, కఱచినను, నలిగినను, ఆ దినమును గోడ క్యాలెండరుపైనైనను గుర్తు పెట్టుడు. వైద్యుని యొద్దకు పోయినపుడు "చేయి" యనక, ఏ చేయి, ఏ వ్రేలు, ఎన్నవ కణుపు అని చూపి చెప్పుడు. ఎప్పుడు మొదలైనది, ఎన్ని మాఱులు మాని తిరుగబెట్టినది, ఎప్పుడైనను రంధ్రము పడి కారినదా అని అడుగకున్నను చెప్పుడు. మధుమేహ మున్నచో దాచకుడు. కొందఱు "మఱల పథ్యమందురు" అని భయపడి చెప్పరు. వ్రేలు పోవుటకంటె పథ్యము తేలిక. ఎముకనుండి తీసిన ముక్కను పరీక్షకు పంపినచో ఆ ఫలితపు కాగితమును అడిగి తీసికొనుడు. వ్రేలు మరల వాచి మఱియొక వైద్యునికడకు పోవలసి వచ్చినచో, ఏ క్రిమికి ఏ మందు పనిచేసినదో అందు కనబడును. లేనిచో ఆయన మరల మొదటినుండి వెదకవలయును.

ఆసుపత్రి విడుచునపుడు సామానులు సర్దుకొను తొందరలో కాగితమును చదువక సంచిలో వేయుట మనకు వాడుక. ఆ తొందర పనికిరాదు. ఇంగ్లీషు రాకున్నను, చదువుకొను కొడుకో కూతురో ప్రక్కనుండును గదా! రోగము పేరు, కుడియా యెడమయా, ఏ యెముక, తీవ్రమా దీర్ఘకాలికమా, ఏ తేదీన మొదలైనది, ఏ క్రిమి, ఏ శస్త్రము: ఇన్నియు నున్నవేమో చూచుకొనుడు. పైన నొకటియు క్రింద నొకటియు వ్రాసియున్నచో అక్కడనే నిలిచి అడుగుడు. నర్సమ్మను అడిగినను చాలు. ఆమె పోయి వైద్యునిచేత దిద్దించుకొని వచ్చును. ఇల్లు చేరిన పిమ్మట దిద్దించుట యెంత కష్టమో మా వీథి అమ్మ చెప్పగలదు.

లోపల జరిగిన చికిత్స వివరములు మనకు చూపరేమో యని సంకోచింప నక్కఱలేదు. వైద్యుల ప్రవర్తనను గుఱించి 2002లో వెలువడిన భారత వైద్యమండలి నియమముల ప్రకారము, ఆసుపత్రిలో నుండి చికిత్స పొందిన రోగి కాగితములను చికిత్స మొదలైన నాటినుండి 3 ఏండ్లు భద్రపఱుపవలయును. రోగి గాని, రోగి తరపున అధికారము గలవారు గాని కోరినచో 72 గంటలలో ఈయవలయును. కోరుట వ్రాతమూలకముగా నుండిన మేలు. ఒక తెల్లకాగితముపై రోగి పేరు, చేరిన తేది, విడిచిన తేది వ్రాసి, ఇచ్చినట్లు ముద్ర వేయించుకొని, ఒక నకలు మీ యొద్ద నుంచుకొనుడు.